మన ఊరు ఇక్కడే ఎందుకున్నది?

(శతాబ్ది ఉత్సవముల సందర్భముగా వడమాలపేటలో జరిగిన సంఘ కుటుంబముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



మానవ భూగోళశాస్త్రము, ప్రపంచాభివృద్ధి అను విషయమును గూర్చి అందరికీ అర్థమగునట్లు మాట్లాడవలెనని ఉత్సవ కమిటీవారు నన్ను కోరినారు. ముప్పది ఏండ్లు ఉన్నత పాఠశాలలో సోషలు పాఠములు చెప్పినవాడను గనుక ఇది నాకు సులువని వారు తలంచినారు. నిజము చెప్పవలెనంటే నాకిది కష్టమైన పని. ఎందుకో ముందుగా మనవి చేసుకొంటాను.

చాలా ఏండ్ల క్రిందట ఒకనాడు నేను జర్మనీలోని రూర్ లోయను గూర్చి పాఠము చెప్పుచుంటిని. బొగ్గు ఉన్నది గనుక ఉక్కు కర్మాగారములు వచ్చినవి, కర్మాగారములు వచ్చినవి గనుక పట్టణములు వెలసినవి అని నల్లబల్ల మీద పటము గీసినాను. వెనుక బెంచీలోనుండి ఒక పిల్లవాడు లేచి, "సార్, మన ఊరు ఈడనే ఎందుకుండాది?" అని అడిగినాడు. "అది పరీక్షలో రాదు, కూర్చో" అన్నాను. తరగతి అంతా నవ్వినది. వాడు కూర్చున్నాడు. తరువాత ఆ సంవత్సరము మరే ప్రశ్నా అడుగలేదు.

మానవ భూగోళశాస్త్రము పుట్టినదే ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు. మనుష్యులు ఇక్కడే ఎందుకున్నారు? ఇక్కడనుండి ఎందుకు పోవుచున్నారు? ఒక చోట బ్రతుకు సులువుగాను, మరియొక చోట కష్టముగాను ఎందుకున్నది? ఈ మూడే దాని ప్రశ్నలు. ఆ పిల్లవానికి ఆనాడు ఇయ్యవలసిన జవాబును ఈనాడు మీ అందరి యెదుట చెప్ప ప్రయత్నిస్తాను.

స్థలము, స్థితి

ఒక ఊరిని గూర్చి చెప్పునప్పుడు భూగోళ శాస్త్రజ్ఞులు రెండు సంగతులు వేరుగా చూస్తారు. ఒకటి స్థలము. అనగా ఆ చోట నేల ఎట్టిది, నీరు ఎక్కడ, కొండ ఎక్కడ అనునది. రెండవది స్థితి. అనగా ఇతర ఊళ్ళతో, దారులతో దానికి గల సంబంధము.

మన స్థలమును చూడండి. ఎర్రనేల, చుట్టూ కొండలు, ఆ కొండల నీటిని ఆపుకొనుటకు పూర్వులు కట్టిన చెరువులు. ఏడాది పొడుగునా పారే నది మనకు లేదు. నైరుతి ఋతుపవనము కొంత ఇస్తుంది. మిగిలినది అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము, బంగాళాఖాతపు వాయుగుండములు ఇస్తవి. కొద్ది దినములలో కురిసి పోయే వానను ఏడాదికి సరిపడునట్లు దాచుకొన్న చోట పల్లె నిలిచినది, దాచుకోలేని చోట నిలువలేదు. గనుక మన పల్లెలకు మూలము చెరువుకట్ట.

ఇక స్థితి. పేట అను మాటకే అంగడి గల చోటు అని అర్థము. తిరుపతినుండి పుత్తూరు, నగరి మీదుగా మదరాసు పోయే దారి మీద మనమున్నాము. యాత్రికులు, బండ్లు, వర్తకులు నడిచిన దారి ఇది. ఆ తరువాత రైలు వచ్చినది. మదరాసునుండి వాయవ్యముగా వేసిన ఇనుపదారి 1871లో రాయచూరు వద్ద బొంబాయి దారితో కలిసినది. మన పక్కనున్న పూడి, తడుకు స్టేషనులు ఆ మార్గములోనివే. రెండు మహానగరములను కలిపిన దారి మన చేల అంచున పోయినది.

ఇంకొక వింత. మన ఊరు కదలలేదు గాని జిల్లాలు కదిలినవి. 1911కు పూర్వము మన ప్రాంతము ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినది. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ నిర్ణయము ప్రకారము తిరుత్తణి మదరాసు రాష్ట్రమునకు పోయినది, సత్యవేడు ప్రాంతము ఆంధ్రకు వచ్చినది. 2022 ఏప్రిల్ 4న మనము తిరుపతి జిల్లావారమైనాము. గీతలు మారినవి గాని వియ్యములు మారలేదు. నేటికీ మన ఆడబిడ్డలు తిరుత్తణిలోను, పళ్ళిపట్టులోను కాపురములు చేయుచున్నారు. మన ఇండ్లలో తెలుగు మాటతోపాటు అరవము మాట కూడ వినబడుచున్నది. పటము మీది సరిహద్దు ఒకటి, మనుష్యుల మధ్య సరిహద్దు మరియొకటి. ఈ భేదము తెలిసికొనుటే ఈ శాస్త్రములో మొదటి మెట్టు.

ఎందరము, ఎంత నేల మీద?

రెండవ భావన జనసాంద్రత. 2011 జనగణన ప్రకారము ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభా సుమారు 41.7 లక్షలు. విస్తీర్ణము 15 వేల చదరపు కిలోమీటర్లకు కొంచెము పైన. భాగహారము చేస్తే చదరపు కిలోమీటరుకు 275 మంది. ఆనాటి దేశపు సగటు 382. ఆ లెక్కన మనము ఇరుకున లేము.

అయితే కొండ మీద వరి పండదు. అడవిలో ఇండ్లు కట్టరాదు. కొండలను, అడవులను, రాతి బీళ్ళను తీసివేసి సాగునేల మీద మాత్రమే జనమును పంచి చూస్తే ఇరుకు తెలుస్తుంది. సాగునేలలోను ఏటా నీరు అందేది ఎంత అని అడిగితే ఇంకను ఇరుకు తెలుస్తుంది.

జనము ఎక్కువైనందుననే పేదరికము అని చాలామంది అంటారు. ఇంగ్లండులో థామస్ మాల్థస్ అను పాదిరి 1798లోనే జనాభా పెరిగినంత వేగముగా తిండి పెరగదని వాదించినాడు. డెన్మార్కు దేశపు ఎస్తేరు బోసరప్ అను విదుషి 1965లో దానికి బదులు చెప్పినది. జనము పెరిగిన కొలది మనుష్యుడు కొత్త ఉపాయములు వెదకి అదే నేలలో ఎక్కువ పండిస్తాడని ఆమె వాదము. మన ఊరిలో ఇద్దరి మాటలకూ సాక్ష్యమున్నది. మా నాయన కాలమున కపిల తోలితే బావినీరు అందేది. ఆ తరువాత కరెంటు మోటారు వచ్చినది, ఆ తరువాత బోరు వచ్చినది. ఒక కారు పండే కయ్యలో రెండు కార్లు పండినవి. అది బోసరప్ చెప్పినది. అదే బోరు నేడు వందల అడుగులు దిగినా దుమ్ము చిమ్ముచున్నది. అప్పుడు మాల్థస్ జ్ఞాపకము వస్తాడు.

నెదర్లాండ్సు దేశమున చదరపు కిలోమీటరుకు 500 మందికి పైగా ఉన్నారు. అది ధనిక దేశము. కాబట్టి సాంద్రతయే దారిద్ర్యము కాదు. ఉన్న నేల, నీరు, విద్య ఎవరి చేతిలో ఉన్నవి అనునదే ముఖ్యము.

ఎందుకు పోతారు?

ఇక మూడవ భావన, మన కుటుంబములన్నిటికీ తెలిసినది, వలస.

బేత్లెహేములో కరవు వచ్చినందున ఎలీమెలెకు కుటుంబము మోయాబు దేశమునకు పోయినదని మనము ఆదివారపు బడిలోనే విన్నాము. కొన్నేండ్లకు సొంత దేశములో ఆహారము దొరుకుచున్నదని విని నయోమి తిరిగి వచ్చినది. ఆమెతో రూతు అను పరదేశి వచ్చినది. నెట్టే కారణము, లాగే కారణము, పోయినవారి వెంట ఎదురు ప్రవాహము, అన్నీ ఆ చిన్న కథలో ఉన్నవి. శాస్త్రజ్ఞులు దీనిని చాలా ఆలస్యముగా వ్రాసినారు. రేవెన్‌స్టీన్ అను పండితుడు ఇంగ్లండు జనగణనలను పరిశీలించి 1885లో వలస సూత్రములు ప్రకటించినాడు. ఎక్కువమంది దగ్గరి చోటికే పోతారు. మెట్లు మెట్లుగా పోతారు. ఒక ప్రవాహముంటే దానికి ఎదురు ప్రవాహముంటుంది. దగ్గరి వలసలలో పురుషులకంటె స్త్రీలే ఎక్కువ. 1966లో ఎవరెట్ లీ అను అమెరికా పండితుడు ఇంకొక మాట చేర్చినాడు. నెట్టే కారణము, లాగే కారణము ఉన్నంతమాత్రమున మనిషి కదలడు, నడుమ అడ్డంకులు కూడ చూసుకొంటాడు అని. దారి ఖర్చు, భాష, సరిహద్దు, ముసలి తల్లి, ఇవన్నీ అడ్డంకులే.

మన పూర్వుల కథ వినండి. 1860 నవంబరు 16న మదరాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరినది. నేటాలు చెరకు తోటలలో పని చేయుటకు అయిదేండ్ల ఒప్పందము మీద కూలీలను తీసికొని పోయిన మొదటి ఓడ అది. మొదట జీతము నెలకు పది షిల్లింగులు, తిండి. అది మొదలు 1911లో ఆ ఏర్పాటు నిలిచిపోయే వరకు భారతదేశమునుండి నేటాలుకు పోయినవారు 1,52,184 మంది. వారిలో ఎక్కువమంది మదరాసు రేవున ఓడ ఎక్కినవారే. ఉత్తర ఆర్కాటు జిల్లా వారిని ఎక్కువగా పంపిన జిల్లాలలో ఒకటి. హిందువులు, మహమ్మదీయులు, క్రైస్తవులు అందరూ వారిలో ఉన్నారు. ఓడ పట్టీలలో ఒక్కొక్కరికి ఒక నంబరు వేసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, తాలూకా, శరీరము మీది గురుతు వ్రాసినారు. వారి మనుమలు, మునిమనుమలు నేడు ఆ పట్టీలు చూసుకొని తమ ఊరు ఏదని వెదకుకొంటున్నారు. వారి సంతతివారైన తెలుగువారు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ స్థాపించుకొన్నారు.

నగరి కొండల శిఖరమును నగరి ముక్కు అంటారు గదా. మదరాసు రేవునకు వచ్చే నావికులకు అది సముద్రము మీదనుండి కనబడే గురుతు. మదరాసు విడిచి పోయే ఓడనుండి వెనుదిరిగి చూసిన మనవారికి సొంత సీమలో చివరగా కనబడినది బహుశా ఆ కొండయే అయి ఉండవచ్చు. మనము దినమూ చూసే కొండ.

వారిని నెట్టినదేమిటి? 1876 మొదలు 1878 వరకు వచ్చిన మహా కరవులో మదరాసు రాజధానిలో లక్షలాది జనము చనిపోయినారు. రైలు అప్పటికే ఉన్నది. ధాన్యము కదలుచునే ఉన్నది. అయితే కొనుటకు కూలివాని చేతిలో డబ్బు లేదు. సహాయపు పనులలో దినమునకు ఒక పౌను ధాన్యము చాలునని దొరతనమువారు 1877లో కూలి తగ్గించినారు. అదే కాలమున ఒంగోలులో బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకమును కంట్రాక్టు పట్టి కరవు జనమునకు పని కల్పించినాడు. నూరేండ్ల తరువాత, 1981లో, అమర్త్య సేన్ కరవులను గూర్చి వ్రాసిన గ్రంథములో చూపినది ఇదే. ఆకలికి కారణము ధాన్యము లేకపోవుట మాత్రమే కాదు, దానిని పొందే శక్తి లేకపోవుట.

నేటి వలస వేరు రూపములో ఉన్నది. మన పిల్లలు మొదట పుత్తూరు, తిరుపతి పోతారు. అక్కడనుండి చెన్నై, బెంగుళూరు. అక్కడనుండి అమెరికా. రేవెన్‌స్టీన్ చెప్పిన మెట్లే ఇవి. కడప, చిత్తూరు సీమలనుండి అనేకమంది స్త్రీలు కువైటు పోయి ఇంటిపనులు చేసి, పంపిన డబ్బుతో ఇక్కడ ఇండ్లు కట్టించినారు, పిల్లలను చదివించినారు. ఆ పిల్లలను అవ్వలు పెంచినారు. ఇంటి గోడ ఎత్తు చూసి వలస లాభమనుట సులభము. తల్లి లేని ఆ ఏండ్లను కొలుచుటకు మాత్రము మన దగ్గర కొలబద్ద లేదు.

అన్నిటికంటె పెద్ద వలసను మనము వలస అని కూడ అనము. 2011 జనగణనలో పుట్టిన చోటనో, మునుపున్న చోటనో విడిచినవారు దేశములో 45 కోట్లకు పైగా తేలినారు. వారిలో మూడింట రెండు వంతులు స్త్రీలు. ముఖ్య కారణము వివాహము. ఇక్కడ కూర్చున్న తల్లులారా, మీలో చాలామంది వలస వచ్చినవారే. ఈ మాటను జ్ఞాపకముంచుకోండి, దీనికి మరల వస్తాను.

కేంద్రము, అంచు

నాలుగవ భావన, ఏ పని ఏ చోట జరుగుతుంది అనునది. జర్మనీలో ఫాన్ ట్యూనెన్ అను భూస్వామి 1826లో ఒక లెక్క వ్రాసినాడు. పట్టణమునకు దగ్గరలో పాలు, కూరగాయలు, దూరమున ధాన్యము, ఇంకా దూరమున పశువులు అని. చెడిపోయే వస్తువు దూరము పోలేదు గనుక. మన చేలలో కూరగాయలు, పూలు, పాలు తెల్లవారక ముందే తిరుపతికి బయలుదేరుట ఈ లెక్కయే. వెబెర్ అను మరియొక జర్మను పండితుడు 1909లో, బరువు తగ్గిపోయే ముడిసరుకు గల కర్మాగారము ఆ సరుకు దగ్గరనే వెలయునని చెప్పినాడు. చెరకు బండెడు, చక్కెర బస్తాడు. గాజులమండ్యములో సహకార చక్కెర కర్మాగారము అందుకే వచ్చినది. అది మూతపడిన తరువాత ఈ చుట్టుపట్ల చెరకు తగ్గినది, మామిడి పెరిగినది. కర్మాగారము చేనును వెదకుకొని వస్తుంది. కర్మాగారము పోతే చేను రూపమే మారిపోతుంది.

ఇప్పటి కర్మాగారములు చేను కొరకు రాలేదు. సత్యవేడు వైపున 2008లో మొదలైన శ్రీసిటీకి, రేణిగుంట ప్రాంతపు ఎలక్ట్రానిక్ పరిశ్రమలకు ముడిసరుకు మన నేలలో పుట్టదు. వాటికి కావలసినది ఓడరేవు, విమానాశ్రయము, వెడల్పు దారి, తక్కువ కూలికి నేర్పు గల చేతులు. వేరొక దేశములో గీసిన నమూనా, ఇంకొక దేశములో తయారైన భాగములు, మన ఆడపిల్లల చేతులలో ఒక వస్తువుగా మారి మరల బయటికి పోవుచున్నవి. ఇదే ప్రపంచీకరణ అను పెద్ద మాటకు మన వాకిటి అర్థము. తెల్లవారుజామున కంపెనీ బస్సు కొరకు నిలుచున్న పిల్ల లోకపు పటములో ఒక చుక్క. ఆమె జీతముతో తమ్ముడు చదువుకొంటున్నాడు. అది చిన్న సంగతి కాదు. అయితే ఏ వస్తువు చేయవలెను, ఎంత ధరకు అమ్మవలెను అను నిర్ణయము ఆమెకు చాలా దూరమున జరుగుతుంది.

జాన్ ఫ్రీడ్‌మన్ అను పండితుడు 1966లో దీనికి కేంద్రము, అంచు అని పేరు పెట్టినాడు. నిర్ణయము, లాభము కేంద్రమున చేరుతవి, మనుష్యులు, సరుకు అంచునుండి కదులుతారు. నీరు సైతము అంతే. చెన్నపట్టణపు దాహము తీర్చుటకు కృష్ణా నీటిని తెచ్చే తెలుగుగంగ ఒప్పందము 1983లో జరిగినది. 1996లో ఆ నీరు కండలేరునుండి పూండి చేరినది. అది ధర్మకార్యమే. దాహము తీర్చుటకంటె ధర్మమేమున్నది? అయితే నగరపు దాహము వందల మైళ్ళ దూరమునుండి నీటిని పిలిపించుకోగలదు, పల్లె దాహము తన బోరుతోనే సరిపెట్టుకోవలెను. కేంద్రము, అంచు అను మాటలకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము నాకు కనబడలేదు.

తరములు మారుట

అయిదవది జనాభా పరివర్తన. పూర్వము జననములూ ఎక్కువ, మరణములూ ఎక్కువ. మందులు, శుభ్రమైన నీరు వచ్చిన పిమ్మట మరణములు ముందుగా తగ్గినవి, జనము ఉప్పెనగా పెరిగినది. తరువాత ఆడపిల్లలు చదువుకొన్నారు, జననములు తగ్గినవి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున ఒక స్త్రీకి సగటున 1.7 బిడ్డలని తేలినది. జనము తరుగక నిలుచుటకు 2.1 కావలెను. ఎక్కువ బిడ్డలున్నవారు స్థానిక ఎన్నికలకు నిలువరాదను నిబంధనను 2024లో మన శాసనసభ రద్దు చేసినది. బిడ్డలు చాలు అని చెప్పిన నోటితోనే బిడ్డలు కావలెనని చెప్పే కాలము వచ్చినది.

దీని అర్థము లెక్కలలో కాదు, ఆదివారపు ఆరాధనలో చూడండి. ముందు వరుసలలో నెరసిన తలలు, వెనుక వరుసలు ఖాళీ. క్రిస్మసుకు మాత్రము గుడి నిండుతుంది, జనవరి రెండున బస్సులు నిండుతవి.

ఇంతకీ అభివృద్ధి అంటే ఏమి?

చాలాకాలము దేశపు ఆదాయమును జనముతో భాగించి అదే అభివృద్ధి అన్నారు. 1990లో మహబూబ్ ఉల్ హక్ అను పాకిస్తాను ఆర్థికవేత్త, అమర్త్య సేన్ మొదలగువారి సహాయముతో, ఐక్యరాజ్య సమితి తరపున మానవాభివృద్ధి సూచిక తయారు చేసినాడు. అది ఆదాయముతోపాటు ఆయుర్దాయమును, విద్యను కొలుస్తుంది. 1999లో సేన్ ఇంకను ముందుకు పోయి, మనిషి తాను విలువైనదని ఎంచిన బ్రతుకును బ్రతుకగల స్వేచ్ఛయే అభివృద్ధి అని వివరించినాడు.

నా మాటలో చెప్పవలెనంటే, పోదలచినవాడు భయము లేక పోగలుగుట, ఉండదలచినవాడు సిగ్గు లేక ఉండగలుగుట, ఈ రెండూ ఉన్న ఊరు అభివృద్ధి చెందిన ఊరు. మొదటిది కొంత సాధించినాము. రెండవది సాధించలేదు. దానికి నా వంటి ఉపాధ్యాయులు కూడ బాధ్యులు. "బాగా చదివితే ఈ ఊరినుండి బయటపడతావు" అని ముప్పది ఏండ్లు చెప్పినాను. ఆ మాటలో, ఉండిపోయినవాడు ఓడిపోయినవాడు అను తీర్పు దాగి ఉన్నదని నాకు తోచలేదు.

మా ఇంటి సంగతి ఒకటి

సొంత సంగతి చెప్పుకొనుటకు క్షమించండి. మా నాయనకు కొండ కింద ఎకరా పది సెంట్ల డీకేటీ పట్టా భూమి ఉండేది. ప్రభుత్వమిచ్చిన అట్టి భూమిని అమ్మరాదని 1977 చట్టము. మన సంఘములో చాలా కుటుంబములకు ఉన్నది అట్టి భూమియే. ఆ చట్టమునకు 2023లో సవరణ చేసి, ఇరువది ఏండ్లు గడిచిన పట్టాలకు పూర్తి హక్కు ఇచ్చుటకు మార్గము తెరచినారు. 2024లో అట్టి భూముల రిజిస్ట్రేషనులను నిలిపి విచారణ జరిపించినారు. ఇవన్నీ జరుగుచుండగానే బ్రోకర్లు మన వాకిళ్ళలోనికి వచ్చినారు. దారి వెడల్పయినది, టోలుగేటు వెలసినది, చేను ధర అంకణముల లెక్కకు వచ్చినది.

చనిపోయిన నా తమ్ముని కుమారులు చెన్నైనుండి వచ్చి, "పెద్దనాయనా, ఈ ఎకరా పట్టుకొని నువ్వు ఏమి చేస్తావు? మా బాకీలు తీరిపోతవి, సంతకము పెట్టు" అన్నారు. వారి బాధ నిజమైనది. అద్దెలు, బడి ఫీజులు, వడ్డీలు. కాగితము చదివినాను. రెండు వాటాలున్నవి, నాది, తమ్మునిది. తిరుత్తణిలో ఇచ్చిన మా చెల్లెలి పేరు లేదు. వీలునామా లేనప్పుడు క్రైస్తవ కుటుంబములలో కుమారునికి, కుమార్తెకు సమాన భాగమని 1925 నాటి భారత వారసత్వ చట్టము చెప్పుచున్నది. పిల్లలు కావలెనని చేసినది కాదు. వారికి తోచలేదు. నిజము ఏమనగా, కాగితము రెండవసారి చదివే వరకు నాకును తోచలేదు. వలస పోయినవారిలో ఎక్కువమంది ఆడబిడ్డలని ఇందాక చెప్పినాను. లెక్కలోనుండి మొదట జారిపోయేది కూడ వారి పేరే. నలుబది ఏండ్ల క్రిందట మా చెల్లెలు దాటినది ఒక చిన్న సరిహద్దు. మా కాగితములలో మాత్రము ఆమె నేటాలు పోయినంత దూరము పోయినది.

నేను సంతకము పెట్టలేదు. ఎన్నటికీ పెట్టనని ప్రతిజ్ఞ చేయుటలేదు. ముగ్గురి తరపున కూర్చొని, చట్టము ఏమి చెప్పుచున్నదో రెవెన్యూ కార్యాలయములో అడిగి, ఆ తరువాత నిర్ణయిద్దామన్నాను. పిల్లలు కొంచెము కోపముగా వెళ్ళినారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెల్లెలికి ఫోను చేసినాను. "ఇన్నాళ్ళకు అడిగినావే అన్నా, అది చాలు" అన్నది. చాలదని నాకు తెలుసు.

మనము చేయదగినవి

ఈ శతాబ్దిలో మనము ఎన్ని గుళ్ళు కట్టినాము, ఎన్ని బడులు నడిపినాము అని ఈ సంచికలో లెక్కలుంటవి. సంతోషము. వాటితోపాటు మూడు చిన్న పనులు చేయవలెనని నా మనవి.

మొదటిది, సంఘ కుటుంబ పుస్తకములో పేర్ల పక్కన ఒక గడి చేర్చండి. ఎవరు ఏ ఊరు పోయినారు, ఇంట్లో ఒంటరిగా ఉన్న వృద్ధులెవరు, వారికి మందులు తెచ్చేవారెవరు. ఇదే మన జనగణన.

రెండవది, మన పల్లెల చెరువులు, బావులు, బోర్లు గుర్తించి ఒక పటము గీయుదము. ఏది పూడినది, ఏది ఎండినది, ఏ కాలువ మీద ఇల్లు వచ్చినది. వానకాలము ముందు, వానకాలము తరువాత నీటిమట్టము వ్రాయుదము.

మూడవది, భూమి అమ్మదలచిన కుటుంబము సంతకమునకు ముందు కాగితమును ఇంట్లో స్త్రీలతో సహా అందరికీ చదివి వినిపించవలెను. చదువలేనివారికి చదివి పెట్టుటకు మన యౌవనస్థుల కూటమి ముందుకు రావలెను. అమ్మవద్దని నేను అనుటలేదు. తెలియక అమ్మవద్దంటున్నాను.

రెండవ పనికి నాయకుడు సిద్ధముగా ఉన్నాడు. ఆనాడు ప్రశ్న అడిగిన పిల్లవాడు పదవ తరగతి దాటలేదు, ఊరు దాటలేదు. ఇప్పుడు మోటారు మెకానిక్. పోయిన నెలలో మా ఇంటి మోటారు చెడిపోతే వచ్చినాడు. మాటల మధ్య ఏ చేనులో నీరు ఎన్ని అడుగులలో ఉన్నది, ఏ బోరు ఏ సంవత్సరము ఎండినది, ఏ చెరువు నిండితే ఏ బావి ఊరుతుంది అని అలవోకగా చెప్పుకొంటూ పోయినాడు. ఈ నేల కింది నీటి పటమంతా అతని తలలో ఉన్నది. నేను ముప్పది ఏండ్లలో గీయలేని పటము అది.

"నాయనా, నువ్వు అప్పుడొక ప్రశ్న అడిగినావు, జ్ఞాపకమున్నదా?" అన్నాను. నవ్వి, "జవాబు నాకు తర్వాత తెలిసింది లెండి సార్. నీళ్ళుండాయి కాబట్టి ఊరు ఈడుండాది" అన్నాడు. కొంచెము ఆగి, "ఇంక ఎన్నాళ్ళుంటాదో అది చెప్పలేను" అన్నాడు.

అతడు ఈ సభలోనే వెనుక వరుసలో కూర్చున్నాడు. ఈ ప్రసంగమునకు రెండవ భాగమును వచ్చే ఆదివారము సాయంత్రము చెరువుకట్ట మీద అతడు చెబుతాడు. నోటుపుస్తకము తీసికొని నేను వస్తాను. మీరును రావలెనని కోరుచు సెలవు తీసికొంటున్నాను.